తాగని గ్రీన్ టీ మహిమ

విజయవాడ వన్‌టౌన్ బట్టల బజారులో నన్ను గ్రీన్ టీ నిసార్ అంటారు. ఆ పేరు తెచ్చుకోవడానికి నేను చేసిందల్లా గ్రీన్ టీ తాగకపోవడమే. ఎలాగో చెబుతాను. మధ్యలో మీకు నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఆవిడ ఎప్పుడో నవ్వేసింది, ఇక మీరు నవ్వితే నాకు కొత్తగా పోయేదేముంది.

నా పూర్తిపేరు నిసార్ అహ్మద్. లుంగీలు, దుప్పట్లు, తువ్వాళ్లు, శాలువాలు అమ్ముతాను. పక్క కొట్టు సత్యానిది. వాళ్లది పెడన నేత కుటుంబం. తాత మగ్గం గుంటలో కూర్చున్నాడు, తండ్రి చీరల మూట మోశాడు, సత్యం ఏసీ కింద కూర్చుని ఆ చీరలే అమ్ముతున్నాడు. మా రెండు కొట్లకూ మధ్య గోడ ఒకటే. గోడలకు చెవులుంటాయంటారు కదా, మా గోడకు నోరు కూడా ఉంది. అది సత్యానిది.

మా ఆవిడ దిల్షాద్ బేగం ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. వన్‌టౌన్‌లో ఆడవాళ్లు సగం మంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు, మిగతా సగం మంది ఆ పిల్లల తల్లులు. ఆమె దగ్గర ఒక్క పాఠమైనా చదవకుండానే ఆమెకు భయపడే మనిషిని నేనొక్కణ్నే.

కిందటి నవంబరులో మా వర్తక సంఘం వాళ్లు ఉచితంగా రక్తపరీక్షలు పెట్టించారు. ఉచితం అన్నారు కాబట్టి నేనూ చెయ్యి చాపాను. అందరి రక్తం సీసాల్లో మామూలుగా తేరింది. నా సీసాలో మాత్రం పైన తెల్లగా, పాలలా తేలింది. సత్యం ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "నిసార్ భాయ్, ఇందులో డికాషన్ పోస్తే చాలు, టీ రెడీ" అన్నాడు.

డాక్టరు ఉషశ్రీ గారు చిన్నావిడ. రిపోర్టు చూసి కళ్లజోడు సవరించుకున్నారు.

"మీరేం తింటారండీ?"

"అందరూ తినేదేనండి."

"అందరిదీ మీరొక్కరే తింటున్నట్టున్నారు."

ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు నూటయాభై లోపు ఉండాలట. నాకు నాలుగువందల ఎనభై ఆరు ఉంది. కొలెస్ట్రాలు కూడా తన వంతు తాను పెరిగింది. మూడు నెలలు తిండి మార్చి, నడిచి చూడమన్నారు. అప్పటికీ దిగకపోతే మాత్రలు మొదలుపెడదామన్నారు. ఆ మాత్రలు ఇక ఎప్పటికీ మానకూడదట.

ఇంటికొచ్చి ఈ సంగతంతా తేలిగ్గా చెప్పబోయాను. దిల్షాద్ రిపోర్టు రెండుసార్లు చదివింది. మా నాన్న యాభై ఎనిమిదో ఏట, ఇదే కొట్లో, గజంబద్దతో గుడ్డ కొలుస్తూ కొలుస్తూ పక్కకు ఒరిగిపోయాడు. నాకు యాభై ఏడు. ఆ లెక్క నేను పైకి అనలేదు, ఆమె కూడా అనలేదు. కానీ ఆ రాత్రి అన్నంలోకి నెయ్యి రాలేదు.

మర్నాడు సత్యం గోడ ఇవతలికి ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఫోన్లో వచ్చిందాన్ని ప్రింటు తీయించాడు. ఎవరో శాస్త్రవేత్తలు ఎలుకలకు నీళ్లకు బదులు గ్రీన్ టీ పట్టారట. వాటి ఒంట్లో కాన్సరు గడ్డలు పెరగడం నెమ్మదించిందట, రక్తంలో కొవ్వు కూడా తగ్గిందట.

"కొవ్వూ పోతుంది, గడ్డా పోతుంది. మీకొకటి, వదినగారికొకటి. ఒక్క ప్యాకెట్టు కొంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది భాయ్" అన్నాడు.

మా ఇంట్లో గడ్డ అనే మాట ఎవరూ మామూలుగా అనరు. నాలుగేళ్ల కిందట దిల్షాద్‌కు రొమ్ము కాన్సరు ఆపరేషన్ అయింది. దేవుడి దయవల్ల ఇప్పుడు బాగుంది, ఏటా పరీక్షలకు వెళ్లొస్తోంది. అందుకే ఆ కాగితం ఇవ్వాలా వద్దా అని సాయంత్రం దాకా జేబులోనే పెట్టుకుని, చివరికి ఇచ్చాను.

చదివి, మడిచి, నా చేతికే తిరిగి ఇచ్చింది.

"ఎలుకల్లోనండీ."

"ఎలుకకీ నాకూ తేడా ఏముంది? ఇద్దరం నువ్వు చూడనప్పుడే తింటాం."

"చాలా తేడా ఉంది. ఎలుకకి ఏం పట్టిస్తే అది తాగుతుంది. తాగినట్టు నటించదు."

"మరి మనుషుల్లో పనిచెయ్యదా?"

"కొలెస్ట్రాలు ఏదో నాలుగైదు పాయింట్లు దిగొచ్చు. మీకున్న కొవ్వుకి అది సముద్రంలో కాకిరెట్ట. కాన్సరు సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు. తేలినరోజు నాకు ఆపరేషన్ చేసిన డాక్టరే చెబుతాడు, సత్యం గారు చెప్పక్కర్లేదు."

"అయితే వద్దంటావా?"

"తాగండి. మందుగా కాదు. మీరు రోజుకి తొమ్మిది పాల టీలు తాగుతారు. ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. పక్కన సమోసా. ఆ తొమ్మిదీ పోవాలి. పోయిన జాగాలో ఏదో ఒకటి ఉండాలి కదా, గ్రీన్ టీ ఉంటుంది."

ఇక్కడ నాకొక ఆలోచన తట్టింది. నాకు ఆలోచనలు రావడం అరుదు, వచ్చినప్పుడు వాటిని పరిశీలించే ఓపిక ఉండదు. ఆమె ఇచ్చే గ్రీన్ టీ పారబోస్తాను. పాల టీ నా దారిన నేను తాగుతాను. మూడు నెలలకు కొవ్వు దిగదు. నింద గ్రీన్ టీ మీదకు పోతుంది. రాత్రికొక మాత్ర వేసుకుంటే పగలు తొమ్మిది టీలూ నిక్షేపంగా నావే.

"సరే, రేపట్నుంచే" అన్నాను.

"ఇంత తొందరగా ఒప్పుకున్నారేంటి?" అంది దిల్షాద్.

"నీ మాట ఎప్పుడు కాదన్నాను?"

ఆమె నన్ను ఎగాదిగా చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఆరున్నరకల్లా ఫ్లాస్కు సిద్ధం. నాలుగు కప్పులు పడుతుంది. కొట్టు తెరిచి, ధర్మానికి ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. వానలో తడిసిన గోనెసంచిని వేడినీళ్లలో ముంచి తీసినట్టుంది. వెంటనే ఉమ్మేసి, మిగిలినదంతా చెయ్యి కడుక్కునే సింకులో వంపేశాను. ఆమె ఇంత పొద్దున్నే లేచి కాచిందే అని లోపల కాస్త కలుక్కుమంది. టీ తాగితే సర్దుకుంటుందిలే అని అబ్దుల్లా దగ్గరికి వెళ్లాను.

అబ్దుల్లా టీకొట్టు మా కొట్టుకు ఎదురుగానే ఉంది. ఇరవై ఏళ్లుగా నేను చెయ్యెత్తితే గ్లాసు వచ్చేది. ఆరోజు చెయ్యెత్తాను, రాలేదు. దగ్గరికి వెళ్లి అడిగాను.

"టీ లేదు భాయ్."

"అదేంటి, వాళ్లు నలుగురూ తాగేది ఏంటి?"

"అదే చివరిది."

నేను చూస్తుండగానే ఇంకో ఇద్దరికి పోశాడు. అడిగితే, వాళ్లు ముందే చెప్పి పెట్టుకున్నారన్నాడు. అతని కూతురు అఫ్సా మా ఆవిడ దగ్గర పదో తరగతి చదువుతోందని నాకు తెలుసు. కానీ తెలిసిన రెండు విషయాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసే అలవాటు నాకు లేదు.

పంజా సెంటర్ దాకా నడిచాను. అక్కడ టీ దొరికింది. వారం రోజులు హాయిగా తాగాను. ఎనిమిదో రోజు వెళితే పాలు విరిగాయన్నారు. తొమ్మిదో రోజూ విరిగాయి. పదో రోజు నన్ను దూరం నుంచి చూసే అతను చెయ్యి ఊపాడు, విరిగాయని.

కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఇంకో కొట్టు చూసుకున్నాను. అక్కడ ఆరు రోజులు గడిచాయి. ఏడో రోజు స్టవ్వు పాడైంది. స్టవ్వు పాడైనచోట బజ్జీలు ఎలా వేగుతున్నాయని అడిగితే, అది బజ్జీల స్టవ్వు అన్నాడు.

అలా నా టీ ఒక్కో వారం ఒక్కో ఫర్లాంగు జరుగుతూ పోయింది. వినాయకుడి గుడి దాటింది, దుర్గమ్మ కొండ కిందికి వెళ్లింది, ఆఖరికి డిసెంబరు నెల మధ్యకల్లా ప్రకాశం బ్యారేజీ దాటి అవతల గట్టున సీతానగరంలో తేలింది.

స్కూటరు మా ఆవిడ స్కూలుకు తీసుకెళుతుంది. రోజూ ఆటో ఎక్కితే ఎక్కడికని సత్యం అడుగుతాడు. నడకకైతే డాక్టరు సలహా అని చెప్పుకోవచ్చు. కాబట్టి నడిచాను. పోను మూడు కిలోమీటర్లు, రాను మూడు. ఇంత దూరం రోజుకు తొమ్మిదిసార్లు వెళ్లడం మానవమాత్రుడి వల్ల కాదు కాబట్టి తొమ్మిది టీలూ ఒక్క టీకి వచ్చాయి. పదకొండింటికి కొట్టు మా సేల్స్‌మన్ ముస్తాక్‌కు అప్పగించి బయల్దేరేవాణ్ని.

సీతానగరంలో కొట్టు శౌరమ్మది. యాభై ఏళ్ల మనిషి, మాట పొదుపు. ఆమె టీలో చక్కెర ఉండీ లేనట్టుండేది, పాలు మీగడ తీసి తీసి నీరసించినట్టుండేవి. సమోసా లేదు, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు మాత్రం ఉండేవి. అయినా మూడు కిలోమీటర్లు నడిచినవాడికి అది అమృతం. బ్యారేజీ మీద గాలి, గేట్ల కింద కొంగలు, వంతెన దాటాక ఆ గ్లాసు. నా జీవితంలో అంత రుచిగా టీ ఎప్పుడూ తాగలేదు.

మొదట్లో బ్యారేజీ సగానికి వచ్చేసరికి ఆయాసమొచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడేవాణ్ని. జనవరికల్లా నిలబడ్డం మానేశాను. ప్యాంటు జారుతుంటే బెల్టుకు కొత్త బెజ్జం పొడిచాను.

"ఏవండీ, సన్నబడ్డారే" అంది దిల్షాద్ ఒక ఆదివారం.

"గ్రీన్ టీ."

"పట్టిందంటారా?"

"బాగా పట్టింది. ఇప్పుడు అది లేకపోతే ఉండలేను."

ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. దగ్గొచ్చిందనుకున్నాను.

ఫిబ్రవరిలో మళ్లీ రక్తం ఇచ్చాను. నాలుగువందల ఎనభై ఆరు కాస్తా నూట డెబ్భై రెండుకు దిగింది. కొలెస్ట్రాలు కూడా తల వంచింది. డాక్టరు ఉషశ్రీ గారు మాత్రలు అక్కర్లేదన్నారు. ఏం చేశారని అడిగారు. పక్కన దిల్షాద్ ఉంది. ఏం చెప్పను?

"గ్రీన్ టీ అండి" అన్నాను.

"అంత దిగదే" అన్నారు ఆవిడ.

"ఈయనకి దిగిందండి" అంది దిల్షాద్ ఎంతో వినయంగా.

నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. తాగని మందు పనిచేస్తే మనిషి ఎవరికి చెప్పుకుంటాడు? సింకులో పోసినా ఫలితమిచ్చే టీ అయితే, అది మామూలు టీ కాదు. రెండు రోజులు గడిచేసరికి నేనే దాన్ని కాస్త నమ్మడం మొదలుపెట్టాను.

సత్యం నా రెండు రిపోర్టుల ఫోటోలూ తీసి వర్తక సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నూట నలభై మంది దండాలు పెట్టారు. సంఘం కార్యదర్శి కిరీటి ఫోన్ చేసి, నెలవారీ సమావేశంలో కుటుంబాలతో సహా అందరి ముందూ సన్మానం అన్నాడు.

"వద్దనండి" అంది దిల్షాద్. "మీ ఒక్కరి రక్తం చూసి ఏదీ రుజువు కాదు."

"పిలిచి గౌరవం చేస్తామంటే కాదనడం బాగోదు."

"అయితే మాట్లాడకుండా శాలువా కప్పించుకుని వచ్చెయ్యండి."

ఆరోజు ఆమెకు స్కూల్లో పరీక్షల పని ఉండి రాలేకపోయింది. నాకేమో మైకు దొరికింది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో నేను మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డుపడకపోవడం అదే మొదటిసారి. ఆ సుఖానికి అలవాటు లేక అదుపు తప్పాను. కొవ్వు తగ్గుతుందన్నాను. చప్పట్లు కొట్టారు. షుగరు తగ్గుతుందన్నాను. ఇంకా కొట్టారు. సత్యం ఇచ్చిన కాగితం గుర్తొచ్చి, ఒంట్లో గడ్డలున్నా కరిగిపోతాయన్నాను. ఎలుకలన్న మాట మాత్రం గుర్తు రాలేదు.

శాలువా కప్పారు. తర్వాత చూస్తే అది మా కొట్లో కొన్నదే.

వారం తిరిగేసరికి బజారంతా గ్రీన్ టీ వాసన. కిరీటి తన షాపుకొచ్చిన ఆడవాళ్లకు కూల్‌డ్రింకు బదులు గ్రీన్ టీ ఇస్తే, వాళ్లు బేరం సగంలో వదిలేసి లేచిపోయారు. అబ్దుల్లా నన్ను చూసి పలకరించడం కూడా మానేశాడు, అతని టీ గిరాకీ పడిపోయింది. దారిన పోయేవాళ్లు ఆపి నన్ను సందేహాలు అడిగేవారు. పరగడుపునా, తిన్నాకా? ఆకా, పొడా? నేను ఏది తోస్తే అది చెప్పేవాణ్ని. ఏం చెప్పినా రాసుకునేవారు.

ఒక మధ్యాహ్నం సత్యం సరుకు కోసం పెడన వెళ్లాడు. ముస్తాక్ భోజనానికి వెళ్లాడు. సత్యం భార్య మా కొట్లోకి వచ్చింది. ఆమె పేరు బాలత్రిపురసుందరి. పేరు పూర్తిగా పిలిచేలోగా ఆమె పక్కగదిలోకి వెళ్లిపోతుందని సత్యం బాలా అంటాడు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి, ఆరోజు చీర కొంగు చేతికి చుట్టుకుంటూ కూర్చుంది.

"అన్నయ్యగారూ, మీరు రోజుకెన్ని కప్పులు తాగేవారండి?"

"నాలుగమ్మా" అన్నాను, సన్మానం పొందినవాడి గొంతుతో.

"నేను ఎనిమిది తాగుతున్నానండి. ఇరవై రోజులైంది. ఇంకా ఎన్నాళ్లు పడుతుందంటారు?"

"ఏది, బరువు తగ్గడానికా?"

ఆమె తల వంచుకుంది. "గడ్డండి."

నేను అర్థం కానట్టు చూశాను. ఆమె ఎడమవైపు పైట మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టి తీసేసింది. "సంక్రాంతి ముందు చేతికి తగిలింది. ఆయనకి చెప్పలేదు. డాక్టరు దగ్గరికెళితే కోసేస్తారేమోనని భయం. మీరు ఆరోజు మైకులో చెప్పాక ధైర్యమొచ్చింది. రోజూ తాగుతున్నా. కొంచెం మెత్తబడినట్టే ఉందండి."

నాలుగేళ్ల కిందట దిల్షాద్ కూడా ఇలాగే, మా అమ్మాయి తబస్సుం ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా ఎవరికీ చెప్పకుండా అయిదు నెలలు దాచిపెట్టింది. ఆ అయిదు నెలల గురించి డాక్టరు అడిగినప్పుడు ఆసుపత్రి వరండాలో గోడకానుకుని నేను నిలబడ్డ తీరు నాకు ఇప్పటికీ కలలోకొస్తుంది. ఇప్పుడు ఇంకొక ఇంట్లో ఇరవై రోజులు నేనే మింగేశాను, మైకు పట్టుకుని.

"అమ్మా, నేను చెప్పింది అబద్ధం" అన్నాను.

"ఏదండీ?"

"అంతా. నేను గ్రీన్ టీ తాగలేదు. మొదటిరోజు ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాను. తర్వాత రోజూ అదిగో, ఆ సింకులో పోశాను."

ఆమె సింకు వైపు చూసింది, నా వైపు చూసింది, జాలిగా నవ్వింది. "నన్ను డాక్టరు దగ్గరికి పంపాలని అలా అంటున్నారు అన్నయ్యగారూ. మీ మంచితనం నాకు తెలీదా."

మూడు నెలలు అబద్ధం చెబితే ఊరంతా నమ్మింది. నిజం చెబితే ఒక్క మనిషి నమ్మలేదు. దేవుడి మీద ప్రమాణం చేశాను. పెద్దవారు నాకోసం ఒట్లు వెయ్యకండి అంది. ఇక లాభం లేదని దిల్షాద్‌కు ఫోన్ చేసి, ఉన్నపళంగా రమ్మన్నాను.

ఇరవై నిమిషాల్లో వచ్చింది. చేతికి సుద్దపొడి అలాగే ఉంది. విషయం రెండు ముక్కల్లో చెప్పాను. గడ్డ అన్న మాట వినగానే ఆమె మొహం మారింది. నేరుగా వెళ్లి బాలత్రిపురసుందరి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంకో మాట దిల్షాద్" అన్నాను. "నేను గ్రీన్ టీ ఒక్కరోజు కూడా తాగలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"ఫ్లాస్కు రోజూ తళతళలాడుతూ ఇంటికొచ్చేది. పెళ్లయ్యాక మీరు కడిగిన గిన్నె అదొక్కటే. రెండోరోజే తెలిసింది."

"మరి ఏమీ అనలేదే?"

"అంటే మానేస్తారా? అందుకే మిమ్మల్ని వదిలేసి టీకొట్లవాళ్లకి చెప్పా. అబ్దుల్లాకి మొదటిరోజు కన్నా ముందే చెప్పాను. తర్వాత మీరు ఎక్కడ కుదురుకుంటే అక్కడికి. వారం ఆగి చెప్పేదాన్ని, మీ కాళ్లకి అలవాటవ్వాలని. అందరూ నా పిల్లలో, పిల్లల తండ్రులో."

"సీతానగరంలో శౌరమ్మ?"

"పదేళ్ల కిందట వాళ్లమ్మాయి నా స్టూడెంటు. చక్కెర అరచెంచా, పాలు వెన్న తీసినవి అని నేనే చెప్పా. మీరు రోజూ ఆరు కిలోమీటర్లు నడిచారు. తొమ్మిది టీల్లో ఎనిమిది మానేశారు. తొమ్మిది సమోసాలు మానేశారు. కొవ్వు దిగక ఏం చేస్తుంది?"

బాలత్రిపురసుందరి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "వదినా, మీరిద్దరూ కూడబలుక్కున్నారు."

"ఈయనతో కూడబలుక్కుంటే ఇంత సాఫీగా చెప్పగలరా బాలా? ఏవండీ, అబ్దుల్లాని టీ అడగండి."

నేను గుమ్మంలో నిలబడి చెయ్యెత్తాను. ఎదురుగా అబ్దుల్లా పొంగుతున్న టీని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి బారెడెత్తున పోస్తున్నాడు. చెయ్యి ఆపకుండానే అన్నాడు.

"లేదు భాయ్."

అప్పుడు బాలత్రిపురసుందరి ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నేను ముస్తాక్‌ను వెతుక్కుంటున్నట్టు బయటికి వచ్చేశాను. లోపల దిల్షాద్ తన గురించి చెబుతోంది. ఎప్పుడు చేతికి తగిలిందో, ఎందుకు దాచిందో, ఆ అయిదు నెలలకు ఎంత మూల్యం కట్టిందో. నాతో కూడా అంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

సాయంత్రం సత్యానికి నేనే చెప్పాను. మర్నాడు దిల్షాద్ సెలవు పెట్టి వాళ్లిద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్కానింగు చేశారు, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితానికి అయిదు రోజులన్నారు.

ఆ అయిదు రోజులూ మా మధ్యగోడ నోరు విప్పలేదు. సత్యం తిట్టినా బాగుండేది. కొట్టు తెరిచే చప్పుడు, మూసే చప్పుడు, అంతే. నేను టీకి వెళ్లలేదు, కొట్లోనే కూర్చున్నాను. మూడోరోజు పొద్దున దిల్షాద్ అన్నం పెడుతూ అంది.

"తప్పు మీదొక్కరిదే కాదు. రిపోర్టు వచ్చినరోజే నేను చెప్పెయ్యాల్సింది. మీ మొహం చూస్తే నవ్వొచ్చి, ఇంకొన్నాళ్లు నడుస్తారులే అని ఊరుకున్నా. టీచర్ని. అబద్ధాన్ని బోర్డు మీద ఉంచకూడదు."

ఆరో రోజు పదింటికి గోడ అవతల ఫోన్ మోగింది. కాసేపటికి సత్యం వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు.

"కొవ్వు గడ్డట భాయ్. ప్రమాదం లేదన్నారు. ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలట." అని, కళ్లు తుడుచుకుని, "కొవ్వు మీకుంటే మా ఇంట్లో గడ్డ కట్టడమేంటండీ" అన్నాడు. గోడకు మళ్లీ నోరొచ్చింది. నేను లేచి అతన్ని కావిలించుకున్నాను.

ఆరోజే దిల్షాద్ నన్ను కూర్చోబెట్టి గ్రూపులో పెట్టాల్సిన మెసేజి రాయించింది. నేను రెండు పేజీల వివరణ రాస్తే మూడు వాక్యాలకు కోసింది. నేను గ్రీన్ టీ తాగలేదు. నా కొవ్వు నడకవల్ల, చక్కెర, నూనె మానడంవల్ల తగ్గింది. ఒంట్లో ఎక్కడైనా గడ్డ తగిలితే ఏ టీ కోసమూ ఆగకుండా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నూట నలభై మందిలో ఒక్కరూ దండం పెట్టలేదు. గంట తర్వాత కిరీటి, తన దగ్గర మిగిలిన గ్రీన్ టీ ప్యాకెట్లు పదహారు ఎవరికి కావాలని అడిగాడు. దిల్షాద్ రెండు కొంది.

"నువ్వే కదా అందులో ఏమీ లేదన్నావు?"

"మందు కాదన్నాను. టీ కాదనలేదు. నాకు ఆ రుచి ఇష్టం. మీకిష్టం లేకపోతే తాగకండి, సింకుని మాత్రం వదిలెయ్యండి."

అయితే ఆ మెసేజి చూసి, మర్నాడు ముగ్గురు ఆడవాళ్లు దిల్షాద్ కోసం స్కూలు గేటు దగ్గర ఎదురుచూశారట. ఆసుపత్రికి తోడు రమ్మని. ఆ సంగతి ఆమె చెబుతుంటే, నా పేరు గ్రీన్ టీ నిసార్‌గా స్థిరపడిపోయినందుకు నాకు అంత బాధ అనిపించలేదు.

ఇక దాచేదేమీ లేదు కాబట్టి సోమవారం పదకొండింటికి తలెత్తుకుని బయల్దేరాను. బ్యారేజీ దాటి సీతానగరం చేరాను. శౌరమ్మ నన్ను చూసి గ్లాసు బోర్లించింది.

"టీ లేదు బాబుగారూ."

"అదేంటమ్మా, మొన్నటిదాకా ఇచ్చావుగా?"

"మేడంగారు పొద్దున ఫోన్ చేశారు. నూట డెబ్భై రెండు నుంచి ఇంకా దిగాలంట. ఉండవల్లి గుహలకాడికి వెళ్లమన్నారు, అక్కడ స్టెల్లా అని మా చెల్లెలి కూతురు కొట్టు పెట్టింది."

ఇంకో మూడు కిలోమీటర్లు. వెనక్కి తిరిగితే టీ లేదు, ముందుకు వెళితే ఉండొచ్చు. వెళ్లాను. స్టెల్లా పాతికేళ్ల పిల్ల. నన్ను చూడగానే పేరడగకుండా బెంచీ తుడిచింది. గ్లాసు అందించింది. ఒక్క గుక్క తాగి ఆగిపోయాను. చిక్కటి పాలు, నిండా చక్కెర, దంచిన అల్లం. సీతానగరం మొదలైన దగ్గర్నుంచి అటువంటి టీ నా నాలుక చూడలేదు.

"మేడంగారు నీకేం చెప్పలేదా అమ్మా?" అని భయంభయంగా అడిగాను.

"చెప్పారు సార్. ఇంత దూరం నడిచొచ్చిన మనిషికి మంచి టీ పొయ్యమన్నారు."

ఇంకో రెండు గుక్కలు తాగాను. గ్లాసులో చూస్తే అప్పటికే అయిపోయింది.

"ఇది సగమే కదమ్మా?"

"అవును సార్" అంది స్టెల్లా, గిన్నె మీద మూత పెడుతూ. "మిగతా సగం మంగళగిరిలో మా అక్క రూతు దగ్గర తాగమన్నారు."

నవ్వుతుందేమోనని ఆమె మొహం వైపు చాలాసేపు చూశాను. నవ్వలేదు.